కాయ ఊపి వినే మనిషి

చచ్చిపోయినవాళ్ళ మీద కోపం ఉంచుకోకూడదని మా ఇంట్లో అంటారు. ఉంచుకోవడానికీ తీసేయడానికీ అదేమన్నా నా చేతిలో ఉన్న వస్తువా? మొన్న ఉరవకొండలో ఒక ఎరువుల కొట్టుకి బోర్డు రాస్తూ నిచ్చెన మీదున్నప్పుడు ఫోనొచ్చింది. "మిలిటరీ ఆయప్ప పోయినాడన్నా, తెలిసెనా?" అన్నాడు మా ఊరి టీకొట్టు అతను. 'ఎరువులు' అన్న మాటలో చివరి అక్షరం మిగిలి ఉంది. అది పూర్తి చేసి, దానికి నీడ గీత కూడా పెట్టి అప్పుడు దిగాను. లోపలున్నది కోపమో దుఃఖమో నాకు తేలలేదు.

ఆయనకో పేరుంది. ఊళ్ళో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కాబట్టి నేనూ ఇక్కడ రాయను. సైన్యం నుంచి పింఛనుతో తిరిగొచ్చి, వాళ్ళ నాన్న వదిలిన మెట్ట చేలో వేరుశనగ వేసుకుంటూ బతికాడు. వాన పడితే పంట, లేకపోతే పశువులకు మేతగా ఎండు కట్టె. ఆయనకు పంట పోయినందుకు విచారమూ లేదు, వచ్చినందుకు సంబరమూ లేదు. ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనించేవాడు. గోడ లేని చోట నిలబడే ఉండేవాడు. ఎండలు మండిపోయే నెలల్లో కూడా చెవులు కప్పి తువ్వాలు చుట్టుకునేవాడు. పెళ్ళిపందిట్లో కూడా అదే వాలకం. "తీయన్నా, ఉడికిపోతావు" అంటే, "చెవులు నావప్పా, నీవి గాదు గదా" అని కసిరేవాడు.

టీ మాత్రం విచిత్రంగా తాగేవాడు. గ్లాసులో సగం తాగి, మిగతా సగం ఎడమ పక్కన పెట్టి లేచిపోయేవాడు. ఎవరూ లేని పక్కన. టీకొట్టు అతనికి ఇది పెద్ద వేళాకోళం. "ఏమప్పా, ఎవురికి పెట్టి పోతాండావు? ఇట్లయితే నీకు సగం టీనే పోస్తా" అనేవాడు. "పోయి, సగమే పోయి. దాంట్లో సగం పెట్టి పోతా" అని ఈయన జవాబు.

ఆయన అసలు మనిషిని చూడాలంటే మాత్రం విత్తనాల రోజుల్లో చూడాలి. విత్తడానికి ముందు ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒక అరుగు మీద చేరి విత్తనపు కాయలు ఒలుస్తారు. మగవాళ్ళు ఆ ఛాయలకు రారు. ఈయన ఒక్కడు వచ్చి గోడకానుకుని వాళ్ళ మధ్యలో కూర్చునేవాడు. అందరూ బొటనవేలితో కాయ నొక్కి టక్కున పగలగొడుతుంటే, ఈయన ప్రతి కాయనూ తువ్వాలు కాస్త జరిపి కుడి చెవి దగ్గర పెట్టి ఊపేవాడు. "లోపలుండారా?" అని అడిగేవాడు. గింజలు కదిలిన చప్పుడు వినపడితేనే ఒలిచేవాడు.

"ఏమంటాండారప్పా లోపలోళ్ళు?" అని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఇద్దురుండారు. బాగుండారు" అనేవాడు ముఖంలో నవ్వు లేకుండా.

ఏ చప్పుడూ రాని లొట్ట కాయ దొరికితే అందరూ పొట్టులో పారేస్తారు. ఆయన పారేసేవాడు కాదు. చొక్కా జేబులో వేసుకునేవాడు. సాయంత్రానికి జేబు ఉబ్బేది. ఇంటికెళ్ళి వాటినేం చేసేవాడో నేను అడగలేదు.

నేను బోర్డులు రాసేవాణ్ణి. డ్రాయింగు పరీక్షలు పాసయ్యాను, చేతిలో పని ఉందని నా పొగరు నాకుంది. ఫ్లెక్సీలొచ్చాక ఆ పొగరు తప్ప పెద్దగా ఏం మిగలలేదు. అలాంటి రోజుల్లో ఆయన మా ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుని, "నీతో ఒక బొమ్మ ఏయించుకోవల్ల" అన్నాడు.

కంబదూరు పక్కన ఒక పల్లెలో ఆయనతోపాటు యుద్ధంలో ఉండి చనిపోయిన జవాను విగ్రహం ఉంది. ఆ జవానును ఆయన ఎప్పుడూ పేరు పెట్టి చెప్పలేదు. 'నా జతగాడు' అనేవాడు. ఒకే కందకంలో ఇద్దరూ ఉన్నారు. ఆ కందకాన్ని ఆయన మిలిటరీ మాటలో 'మోర్చా' అనేవాడు. విగ్రహం వెనక ఆ ఊరివాళ్ళు కొత్తగా చిన్న హాలు కట్టారు. దాని గోడకు బొమ్మ కావాలి. ఆ ఊరి సర్పంచు ముందే చెప్పేశాడు. "కొండ, జెండా, తుపాకి పట్టుకున్న జవాను. మింద ఒక గద్ద. అంతే సామీ." మిలిటరీ ఆయన అందుకు ఒప్పుకోలేదు. "ఆడుండింది నేను. నేను చెప్తా, ఈయన గీస్తాడు" అని సర్పంచును ఎట్లాగో ఒప్పించాడు.

గీసే ముందు నన్ను మా ఊరి గుట్ట మీదికి తీసుకుపోయాడు. అక్కడ ఉపాధి పనుల్లో వాన నీళ్ళు ఇంకడానికి అడ్డంగా కందకాలు తవ్వి ఉన్నాయి. వాన లేదు గనుక ఎండిపోయి ఉన్నాయి. ఒకదాంట్లోకి దిగమన్నాడు. నాకు కుడి పక్కన తనూ దిగి కూర్చున్నాడు. "ఇంగా దగ్గరికి. మోకాళ్ళు తగలల్ల" అన్నాడు. తగిలేదాకా జరిగాను. తలెత్తితే సన్నని ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడలేదు. నాకు నడుం నొప్పి పుట్టింది.

"ఈడ కూసోని యుద్ధం చెయ్యల్లనా?" అన్నాను, తమాషాకి.

"యుద్ధం శానా తక్కువప్పా. కూసునేదే ఎక్కువ" అన్నాడు. మగ్గులో టీ వస్తే చెరి సగం తాగేవాళ్ళట. ముందు తాగినవాడు ఎడమ పక్కకి అందించాలి, ఎందుకంటే జతగాడు ఎడమ పక్కన ఉండేవాడు. గ్లాసు సంగతి నాకప్పుడు తెలిసింది.

తర్వాత ఆయన ఇంకోటి చెప్పాడు. నేలవంక చూస్తూ చెప్పాడు.

"షెల్లు యాడనో పడె. మా మింద గాదు. అదురుకు గోడ కూలె. నా తట్టు గోడ నిలిచె. వాని తట్టుది వాని మింద పడె. చెవి పెట్టి 'ఉండావా?' అంటి. లోపల్నించి 'ఉండా' అనె."

"తవ్వినావా?"

"తవ్వకుండా ఉంటానా? చేతుల్తో తవ్వితి, టోపీతో తవ్వితి. మంచూ మన్నూ కలిసి జారతానే ఉండె. అంతలో మోర్చా ఖాళీ చెయ్యమని ఆర్డరొచ్చె. మళ్ళా చెవి పెట్టి 'ఉండావా?' అంటి."

తువ్వాలు సర్దుకున్నాడు.

"'ఉండా' అనె. నేను పోతి."

మా మోకాళ్ళు ఇంకా తగులుకునే ఉన్నాయి. నేను ఏదన్నా ఓదార్పు మాట అంటే ఆయన నన్ను కొట్టేవాడేమో అనిపించింది. చివరికి ఆయనే అన్నాడు. "వాళ్ళక్క ఉండాది. తల్లి లేకుంటే వాన్ని సాకింది ఆయక్కే. ఏటేటా నేను పోతే, 'మావాడు ఎట్ల పోయినాడప్పా' అని అడగతాది. తుపాకి పట్టుకోని ఉరికి గుండు తగిలి పడిపోయినాడని చెప్తాండా. నోటితో నిజం రాదు. నువ్వు బొమ్మలో పెట్టు. ఆయక్కను దాని ముందర నిలబెట్టి చెప్తా. ఆ పొద్దు నువ్వు నా పక్కనుండల్ల."

"ఉంటానన్నా" అన్నాను. అది మా ఇద్దరి ఒప్పందం. ఈ మాట చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

బొమ్మ ఆలోచన మాత్రం నాదే. ఈ ఒక్క విషయంలో వినయం చూపించను. గోడ సగానికి ఒక నేల గీత. గీత పైన వేరుశనగ చెట్లు, పచ్చగా, పూలతో. గీత పైన మాత్రమే చూసేవాళ్ళకు అంతా బాగున్నట్టే. గీత కింద ఎర్రమన్ను కోసి చూపించినట్టు ఊడలు, ఊడల చివర కాయలు. ప్రతి కాయలో గింజలకు బదులు ఇద్దరు జవాన్లు, మోకాలికి మోకాలు తగిలించి, తలలు వంచి. తుపాకి ఒక్కటీ లేదు. అడుగున ఒక కాయలో ఒక్కడే మనిషి, పక్క గోడకు చెవి ఆనించి ఉంటాడు. ఆ పక్క కాయ పగిలి నిండా మన్ను. మన్నులో ఒక నోరు, తెరుచుకుని.

గీస్తున్నన్నాళ్ళూ ఆయన నాతోపాటు బస్సెక్కి వచ్చేవాడు. గోడకానుకుని నన్ను తిడుతుండేవాడు. "చేతులు పెద్దగా ఎయ్యప్పా. ఆడ చేతులే పెద్దగుంటాయి." "మొగాలు శుభ్రంగా ఎందుకుండాయి, పెండ్లికి పోతాండారా?" తిట్టినట్టల్లా దిద్దాను. నా బతుకులో అంత బాగా ఏదీ గీయలేదు. పూర్తయిన రోజు మధ్యాహ్నం ఆయన అడుగున ఉన్న ఆ చెవి మనిషి దగ్గర గొంతుక్కూర్చుని చూశాడు. ఎదురు కొట్టులో టీ తెప్పించాడు. గ్లాసు పూర్తిగా తాగాడు. ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, "ఇదే. ఇంతే" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, సిగ్గు లేకుండా చెప్తున్నాను.

హాలు తెరిచిన రోజు జనం బాగానే వచ్చారు. బొమ్మకు కప్పిన దుప్పటి లాగారు. ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. "ఇదేంది, శెనగనూనె మిల్లోళ్ళు ఏయించిరా?" అన్నాడొకడు. నవ్వులు. ఇంకొకడు దగ్గరికొచ్చి చూసి, "పంటల బీమాదప్పా, మనుషులు చచ్చినా కాయకు దుడ్లిస్తారని" అన్నాడు. మా సీమ జనానికి వేరుశనగ కనపడితే నూనె, బీమా తప్ప ఇంకేం తోస్తుంది? నేను కూడా నవ్వాను. వాళ్ళకు ఇప్పుడే ఆయన చెప్తాడు కదా అనే ధైర్యం.

వాళ్ళక్క ముందుకొచ్చింది. బక్కపలచని మనిషి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఉంది. బొమ్మను పైనుంచి చూడలేదు. తిన్నగా అడుగు వైపు చూసింది, ఎవరో చెప్పినట్టు. మన్ను నిండిన కాయ మీద వేలు పెట్టి, వెనక్కి తిరగకుండా అడిగింది.

"ఏమప్పా, మావాడు ఇట్ల పోయినాడా?"

నేను ఆయన పక్కనే ఉన్నాను, మాట ఇచ్చినట్టుగా. ఆయన గొంతు సవరించుకోవడం విన్నాను.

"అయ్యో లేదక్కా. వాడు తుపాకి పట్టుకోని పులి మాదిరి ఉరికినాడు. ఇది ఈ పెయింటరు కల్పిచ్చి ఏసినాడు. నేనిట్ల చెప్పనే లేదు."

నా పక్కన నిలబడి అన్నాడు ఆ మాట. నా మోచేయి ఆయన మోచేతికి తగులుతోంది. "అన్నా!" అన్నాను. నా వైపు చూడలేదు. ఆమె మాత్రం వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది. కోపం లేని చూపు. ఏదో ఇస్తారని చెయ్యి చాపి, ఇక చాలులే అని వెనక్కి తీసుకున్న మనిషి చూపు. తర్వాత కొంగు సర్దుకుని బయటికి పోయింది.

అప్పుడు మొదలైంది నా మీద. అమరవీరుణ్ణి మన్నులో పూడ్చినానని, జవాను నోరు తెరిపించి అవమానించినానని. ఒకడు నా చొక్కా పట్టుకున్నాడు. సర్పంచు అడ్డం రాకపోతే దెబ్బలే. సర్పంచు సున్నం బకెట్టు తెప్పించాడు. కుంచె మొదట అందుకున్నది ఎవరనుకున్నారు? ఆయనే. పైనుంచి కొట్టలేదు. వంగి అడుగు నుంచి మొదలుపెట్టాడు. ముందు ఆ నోరు, తర్వాత ఆ చెవి మనిషి. గోడ మీద ఇంకెక్కడా సున్నం పడక ముందే ఆ రెండూ పోయాయి. ఇప్పుడక్కడ కొండ, జెండా, గద్ద ఉన్న ఫ్లెక్సీ ఉంది.

ఆ తర్వాత ఆ మండలంలో నాకు గోడ పని ఇచ్చినవాడు లేడు. అది పోతే పోయింది. అక్కకు నిజం చెప్పలేకపోయాడు, అదీ అర్థమైంది. ఆ 'ఉండా' అన్న మాటను ఎవరు చెప్పగలరు? కానీ నోరు మూసుకుని ఉండొచ్చు కదా. తల దించుకుని ఉండొచ్చు కదా. నన్ను అబద్ధాలకోరును చేసి, నా చేత్తో గీయించుకున్నదాన్ని తన చేత్తో చెరిపేయాలా? ఈ ప్రశ్న నాలో నేను ఎన్నిసార్లు అడిగానో. బస్సులో అడిగాను, బోర్డు రాస్తూ అడిగాను, అన్నం ముందు కూర్చుని అడిగి ఇంట్లోవాళ్ళతో తిట్లు తిన్నాను.

ఆయన టీకొట్టు దగ్గర మళ్ళీ సగం గ్లాసు పెట్టి పోవడం మొదలుపెట్టాడు. నేను ఆ వేళకు పోవడం మానేశాను. ఒకసారి మాత్రం మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. జేబులోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపుతూ చాలాసేపు కూర్చున్నాడు. నేను లోపలికి రమ్మనలేదు.

"బొమ్మ బాగుండెప్పా" అన్నాడు చివరికి.

"ఆ మాట ఆడ చెప్పల్ల. ఈడ చెప్పి ఏం లాభం?" అన్నాను.

"నిజమే" అని లేచి పోయాడు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే.

పోయిన తర్వాత ఆయన్ను ఆయన చేలోనే ఒక మూల పూడ్చారు. వాళ్ళ వంశంలో అదే ఆనవాయితీ. పోకూడదని అనుకున్నాను, కాళ్ళే పోయాయి. వాన లేక చెట్లు ఎర్రబారి ఉన్నాయి. గుంతలోకి దించాక వచ్చినవాళ్ళంతా వరసగా పిడికెడు మన్ను వేస్తున్నారు. నేను కూడా వంగి పిడికెడు తీసుకున్నాను. అప్పుడే ఆటో దిగి గట్టు మీద నడుచుకుంటూ ఆమె వచ్చింది, జతగాడి అక్క. ముసలిదైపోయింది. చేతిలో కర్ర. ఎవరో పక్కకు జరిగి, "రాక్కా, పిడికెడు మన్నెయ్యి" అన్నారు.

"నేనెయ్యను. ఒకని మింద పడింది చాల్లే" అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమై, పిడికిట్లో మన్ను పట్టుకునే నిలబడ్డాను. ఆమె నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"బొమ్మ గీసింది నువ్వే గదప్పా? అడుగున మన్ను నిండిన కాయ ఉండె. అది మావాడే గదా?"

"అవునక్కా."

"నాకు ఎప్పుడో తెలుసు. మిలిటరీవాళ్ళు వాన్ని తెచ్చిన పెట్టె తెరవొద్దనిరి. గలాటా చేసి తెరిపిస్తి. ఒంటి మింద గాయమనేది లేదు. చెవుల నిండా మన్ను. మన ఎర్రమన్ను గాదు, బూడిద మాదిరి మన్ను. నేనే కడిగితి. తుపాకి పట్టుకోని ఉరికినోని చెవుల్లోకి మన్నెట్ల పోతాది?"

"తెలిసి గూడా ఆ పొద్దు ఊరికే పోతివే అక్కా?"

"ఏం జెయ్యల్లప్పా? ఏటేటా వస్తాండె. నా చేతి సంగటి తింటాండె. ఏటేటా అడిగితే అదే కత. నీ బొమ్మ చూస్తానే, ఇంగ ఈపొద్దు నోరు తెరుస్తాడని గుండె పట్టుకోని నిలబడితి. తెరవల్యా. ఇన్నేండ్లు నా ఇంట్లో తిని, నాది నాకు ఇయ్యకుండానే పోయె" అని గుంత వైపు చూసింది.

ఇన్నేళ్ళూ మోసపోయింది నేనొక్కణ్ణే అనుకుని తిరిగాను. ఆమె ముందు నాది ఏపాటి?

ఆమె కర్ర ఆసరాతో నాకు ఇంకా దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

"ఒకటి చెప్పప్పా. నీకు ఆయప్ప చెప్పే ఉంటాడు. మన్ను పడినంక మావాడు ఎంతసేపుండె? ఏమన్నా అనెనా?"

ఇది నేను ఎదురుచూసిన ఘడియ. నేను అబద్ధం గీయలేదని లోకంలో ఒక్కరికైనా చెప్పే ఘడియ. అడ్డం రావడానికి ఆయన లేడు, మన్ను కింద ఉన్నాడు. నోరు తెరిచాను. 'ఉండా' అన్న మాట నాలుక దాకా వచ్చింది. ఆమె ముఖం నా ముఖానికి జానెడు దూరంలో ఉంది. తమ్ముణ్ణి సాకిన ఆ చేతులు కర్ర మీద ఉన్నాయి.

"లేదక్కా. పడిన గడియలోనే పోయినాడంట. ఏమీ అనలేదంట" అన్నాను.

ఆ రోజు హాల్లో ఆమె ఆయన్ను చూసిన చూపే. అప్పుడు పక్క నుంచి చూశాను. ఇప్పుడు ఎదురుగా నా మీదికే వచ్చింది.

"సర్లేప్పా" అంది ఆమె. "నువ్వు గూడా ఆయప్ప జతగానివే."

కర్ర తీసుకుని గట్టు మీదుగా ఆటో వైపు నడిచింది. వెనక్కి తిరగలేదు. గుంత దగ్గర నుంచి ఎవరో నన్ను పిలుస్తున్నారు, నేనింకా మన్ను వేయలేదని.